జింకకు ఏ గుండు సరిపోతుంది?

కిందటి కార్తీకంలో మా అన్న కొడుకు పల్లె నుంచి బండి మీద ఆదోనికి వచ్చాడు. చెప్పులు విడవకముందే అడిగిన మాట ఇది: "చిన్నాయనా, జింకకు ఏ గుండు సరిపోతాది?"

వాడికి ఇరవై ఆరేళ్లు. తుపాకి ముట్టి ఎరుగడు. ఆలూరు అవతల ఎనిమిదెకరాల నల్లరేగడిలో శనగ వేశాడు. మొలక జానెడు లేవకముందే మూడు రాత్రుల్లో రెండెకరాలు జింకలు మేసిపోయాయి. మేసింది కొంత, గిట్టలతో తొక్కి పెళ్లగించింది కొంత. మళ్లీ విత్తనం కొనాలి, మళ్లీ గొర్రుకు కూలి ఇవ్వాలి. ఈలోపు నేలలో పదును ఆరిపోతుంది. శనగ వానకు పండే పంట కాదు కదా, వానలు వెనకబట్టినాక రేగడిలో మిగిలిన తేమతో, మంచుతో బతుకుతుంది. అదను తప్పి వేసిన చేను పచ్చగా కనిపిస్తుంది గానీ గింజ రాదు. ఆ సంగతి వాడి ముఖం మీదే ఉంది.

ఊళ్లో రైతులంతా కలిసి అర్జీ రాస్తున్నారట, జింకలను కాల్చుకోవడానికి పర్మిషన్ ఇమ్మని. ఏ తుపాకి, ఏ తూటా అని వివరంగా రాస్తే ఆఫీసులో తీసి పక్కన పడెయ్యరని ఎవరో సలహా చెప్పారు. మా ఇంట్లో రెండు తరాలు లైసెన్సు తుపాకి ఉండింది కాబట్టి నన్ను అడగడానికి వచ్చాడు.

ఆలూరు, హాలహర్వి, హొళగుంద, చిప్పగిరి, ఆస్పరి వైపు ఈ మాట అనని రైతు ఇప్పుడు లేడు. వాళ్ల కోపం న్యాయమైనది. జింకను చూసి ముచ్చటపడే పట్నం మనిషికి విత్తనాల బాకీ ఉండదు. అయితే కాల్చాలనేవాళ్లలోనూ, కాల్చొద్దనేవాళ్లలోనూ, గుండు జింక ఒంట్లోకి పోయాక ఏం చేస్తుందో తెలిసి మాట్లాడేవాళ్లను నేను పెద్దగా చూడలేదు. మావాడికి చెప్పినదే ఇక్కడ రాస్తున్నాను.

మా అబ్బకు, అంటే తాతకు, ఒంటి గొట్టం పన్నెండు బోరు తుపాకి ఉండేది. బోరు అంటే గొట్టం లోపలి కొలత. మా నాయన తరువాత 315 బోరు రైఫిలు కొన్నాడు. ఈ రెండింటికీ తేడా తెలియకుండా గుండు గురించి మాట్లాడలేం. పన్నెండు బోరు గొట్టం లోపల నున్నగా ఉంటుంది. దాని తూటాలో సీసపు రవ్వలు ఉంటాయి, బయటికి రాగానే చెదురుతూ పోతాయి. పిట్టకు సన్నవి, పందికీ జింకకూ లావువి. ఎస్.జి. అనే రకం ఔన్సుకు 8 వస్తాయి, ఎల్.జి. 6. ముప్పై అడుగుల దూరంలో అవన్నీ ఒక పళ్లెమంత చోట పడతాయి. అరవై గజాలు పోయేసరికి ఒకటి కాలికి, ఒకటి పొట్టకు తగిలి మిగతావి గాలికి పోతాయి. పైగా గుండ్రటి రవ్వ తొందరగా వేగం పోగొట్టుకుంటుంది. మన రెగళ్లలో జింక మనిషిని అరవై గజాల దాకా రానివ్వదు. అంటే పన్నెండు బోరుతో జింకను కొట్టడమంటే, చాలాసార్లు, దాన్ని గాయపరిచి పంపడమే.

రైఫిలు గొట్టంలో మరలు ఉంటాయి. గుండు ఒక్కటే, బొంగరంలా తిరుగుతూ పోతుంది కాబట్టి తిన్నగా పోతుంది. 315 రైఫిలు పశ్చిమ బెంగాల్లోని ఈషాపూర్ కర్మాగారంలో తయారవుతుంది. సైన్యం వాడే తూటాలు మామూలు జనం తుపాకుల్లో పట్టకూడదని తెల్లదొరల కాలంలో పెట్టిన కట్టుబాటు వల్ల ఈ బోరు మన దేశంలో నిలబడింది. సైన్యం వాడిన 303 బోరు ఇప్పటికీ మామూలు లైసెన్సు మీద రాదు. 315 గుండు సుమారు 16 గ్రాములు ఉంటుంది, ముక్కు గుండ్రంగా ఉంటుంది, సెకనుకు దాదాపు 600 మీటర్ల వేగంతో బయలుదేరుతుంది. ఇప్పటి వేట రైఫిళ్లతో పోలిస్తే ఇది బరువైన, నిదానమైన గుండు.

ఇక అసలు సంగతి. గుండు జంతువును రంధ్రం చేసి చంపుతుందని మనం అనుకుంటాం. రంధ్రం వల్ల జంతువు చస్తుంది గానీ, ఎప్పుడు చస్తుందనేది ఆ రంధ్రం ఎంతుంది, ఎక్కడుంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. గుండు లోపల సీసం, పైన రాగి తొడుగు. తొడుగు ముక్కు దాకా కప్పేసి ఉంటే అది సైన్యం గుండు. ఒంట్లోకి పోయి, సన్నటి బెజ్జం చేసి, రూపు మారకుండా అవతలికి వచ్చేస్తుంది. జింక ఉలిక్కిపడి పరుగెత్తుతుంది. ఊపిరితిత్తిలో సూది బెజ్జంతో కిలోమీటర్లు పోయి, ఏ వంకలోనో పడుకొని చస్తుంది. ముక్కు దగ్గర సీసం బయటికి కనిపించేటట్టు వదిలేస్తే అది మెత్త ముక్కు గుండు. తడి కండ తగలగానే ముక్కు వెనక్కి విచ్చుకుని పుట్టగొడుగులా అవుతుంది, గుండు దాదాపు రెండింతల వెడల్పుకు వస్తుంది. గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోట అది పోతే జింక కొన్ని అడుగులు పరుగెత్తి కూలిపోతుంది.

ఈ మెత్త ముక్కు గుండుకు ఒక చరిత్ర ఉంది. 1890లలో కలకత్తా పక్కన డమ్ డమ్ ఆయుధ కర్మాగారంలో బ్రిటిష్ సైన్యం కోసం ఇలాంటివి తయారుచేశారు. ప్రపంచమంతా వాటికి డమ్ డమ్ గుండ్లని పేరు. మనిషి ఒంట్లో అవి చేసే గాయం ఘోరమని 1899లో హేగ్ సమావేశంలో యుద్ధాల్లో వాడకుండా ఒప్పందం చేసుకున్నారు. అదే ఇంగ్లండులో జింకల చట్టం, 1991 నాటిది, రైఫిలుతో జింకను కాల్చేవాడు మెత్త ముక్కు గుండో బోలు ముక్కు గుండో మాత్రమే వాడాలంటుంది. మనిషికి క్రూరమని మానేసిన గుండే జింకకు దయ అయింది. ఎందుకంటే యుద్ధంలో గాయపడినవాణ్ణి మోసుకుపోవడానికి మనుషులుంటారు, డాక్టరు ఉంటాడు. గాయపడిన జింకకు ఎవరున్నారు? దానికి మనం ఇవ్వగలిగింది తొందరగా పోయే ప్రాణం ఒక్కటే. మావాడికి ఇది చెప్పినప్పుడు కాసేపు మాట్లాడలేదు.

అయితే విచ్చుకోవడం కూడా హద్దులో ఉండాలి. అమెరికాలో జాన్ నోస్లర్ అనే వేటగాడు 1946లో కెనడాకు మూస్ వేటకు పోయాడు. మూస్ అంటే మన కణితికి (సాంబారు జింకకు) రెండింతలుండే దుప్పి జాతి. ఒళ్లంతా బురద పట్టిన దాన్ని కాలిస్తే గుండు లోపలికి పోకముందే చర్మం దగ్గరే చిట్లిపోయింది. తిరిగొచ్చి గుండు మధ్యలో రాగితో అడ్డగోడ పెట్టాడు. ముందు సగం విచ్చుకుంటుంది, వెనక సగం గట్టిగా ఉండి లోపలికి తోసుకుపోతుంది. 1948 నుంచి అది అంగట్లో ఉంది. ఆ తరువాత సీసాన్ని తొడుగుకు అతికించినవి, ముక్కుకు ప్లాస్టిక్ మొన పెట్టినవి, 1989 నుంచి సీసమే లేకుండా మొత్తం రాగితో చేసినవి వచ్చాయి. ప్రతిదానికీ ఒక షరతు ఉంది. రాగి గుండు చిట్లదు, కానీ వేగం తగ్గిపోయిన దూరంలో విచ్చుకోదు. పలచటి తొడుగు గుండు దూరంలో బాగా పనిచేస్తుంది, దగ్గరలో భుజం ఎముకకు తగిలితే పైపైన పెద్ద గాయం చేసి ఆగిపోతుంది. అందుకే ఏ గుండు మంచిదంటే, ఎంత జంతువుకు, ఎంత దూరంలో, ఏ వేగంలో అని ఎదురడగాలి.

ఇప్పుడు మన జింక. మగదాన్ని మా అబ్బ ఇర్రి అనేవాడు, ఆడదాన్ని లేడి. పుస్తకాల్లో కృష్ణజింక. ఇర్రి బరువు నలభై కిలోల అటూ ఇటూ, బాగా మేసిన పొట్టేలంత. పక్క నుంచి చూస్తే ఛాతీ వెడల్పు జానెడు. నల్లమల కణితి అయితే రెండు వందల కిలోలు దాటుతుంది, దాని భుజంలో గుండు విచ్చుకోవడానికి కావలసినంత కండ ఉంది. ఇర్రిలో గుండుకు ఉన్న దారి జానెడే. 16 గ్రాముల బరువైన 315 గుండు ఆ జానెడులో పూర్తిగా విచ్చుకోకముందే అవతలికి వచ్చేస్తుంది, ఇంకా చాలా బలంతో వస్తుంది. ఇంత సన్న జింకకు తేలికైన, తొందరగా విచ్చుకునే గుండు కావాలి. మన లైసెన్సుదారుకు ఆ ఎంపిక ఎక్కడిది? ఏడాదికి ఇన్ని తూటాలని లైసెన్సు మీద రాసి ఉంటుంది, దుకాణంలో ఏది ఉంటే అది తెచ్చుకుంటాడు. వాటిలో కొన్ని గురి సరిచూసుకోవడానికి ఖర్చుపెట్టమంటే ఏ రైతుకైనా చేతులు రావు. గురి చూసుకోని రైఫిలు ఎంత మంచి గుండునైనా పాడుచేస్తుంది.

నేను పదో తరగతి చదివే రోజుల్లో ఒక ఇర్రి మా శనగ చేలోకి వచ్చింది. మధ్యాహ్నం పూట, ఒంటరిగా. అప్పుడే తెలిసింది ఏదో అయిందని, మంద విడిచి ఇర్రి పట్టపగలు మనిషి ముందుకు రాదు. కింది దవడ లేదు. ఎవడో నాటు తుపాకితో తలకు గురి పెట్టాడు. తల కదిలింది, గుండు దవడను తీసుకుపోయింది. నాలుక వేలాడుతోంది. చుట్టూ మోకాలెత్తు శనగ, అది మూతి దించుతుంది, ఆకును అందుకోలేదు, మళ్లీ ఎత్తుతుంది. మా నాయన ఇంట్లోకి పోయి బీరువా తీసి రైఫిలు బయట పెట్టాడు. గట్టు దాకా తెచ్చాడు. కాసేపు నిలబడి, మళ్లీ తీసుకుపోయి బీరువాలో పెట్టి తాళం వేశాడు. జింకను కాలిస్తే జైలు, లైసెన్సు పోతుంది, ముందు ఎవరు కాల్చారో కూడా మన మీదికే వస్తుంది. సైకిలు మీద మనిషిని పంపి అటవీ శాఖ వాళ్లకు కబురు చేశాం. వాళ్లు మూడో రోజు వచ్చారు. అది రెండో రోజు రాత్రి చనిపోయింది, బావి పక్కన, నీళ్ల వాసనకు వచ్చి. ఆ రెండు రోజులూ మా జేజి అన్నం ముట్టలేదు.

తలకు గురి పెట్టడం ఎందుకు తప్పో నాకు అప్పటినుంచీ తెలుసు. మెదడు నిమ్మకాయంత. చుట్టూ దవడ, ముక్కు, కన్ను, అంతా కదిలే చోటు. వేట తెలిసినవాడు ముంగాలి వెనక ఛాతీకి గురి పెడతాడు, ఎందుకంటే అక్కడ నాలుగు వేళ్లు అటూ ఇటూ అయినా ఊపిరితిత్తి తప్పదు. గుండును ఎంచుకోవడం చివరకు ఈ నాలుగు వేళ్ల కోసమే. చెయ్యి వణికినా జంతువు నరకం పడకూడదు. నాటు తుపాకిలో సూరేకారం మందు దట్టించి, సైకిలు గోళీలో ఇనప ముక్కలో పోసి కాల్చేవాడికి ఈ లెక్క ఉండదు. పర్మిషన్ లేని ఊళ్లో ఇప్పుడు జరుగుతున్నది అదే. పందికని పెట్టిన ఉచ్చులో జింక, జింకకని కట్టిన కరెంటు తీగకు మనిషి.

మరి మంచి రైఫిలు, తేలికైన మెత్త ముక్కు గుండు, గురి తెలిసిన మనిషి ఉంటే? మావాడు సరిగ్గా ఇదే అడిగాడు. "రేప్పొద్దున చేనుకాడ చూపిస్తా పద" అన్నాను.

తెల్లవారుజామున పోయాం. మంచు పలచగా ఉంది. నూట యాభై మీటర్ల దూరంలో ముప్పై దాకా జింకలు. వాణ్ణి గట్టు మీద బోర్లా పడుకోబెట్టి, చేతికి మేడి కర్ర ఇచ్చి, ఏదో ఒకదానికి గురి పెట్టమన్నాను. పెట్టాడు. "దాని ఎనక ఏముందో చెప్పు" అన్నాను. "ఇంకో రెండు జింకలు." "వాటెనక?" "శనగ చేను." "దానెనక?" తల ఎత్తి చూశాడు. పత్తి ఏరే ఆడవాళ్లను దింపుతున్న ఆటో. ఇంకా వెనక తారు రోడ్డు. దాని వెనక పక్క ఊరి నీళ్ల ట్యాంకు. మధ్యలో గుట్ట లేదు, గట్టు లేదు, చెట్టు కూడా లేదు. ఆలూరు తాలూకా నేల పళ్లెంలో పోసిన నీళ్లలా సమంగా ఉంటుంది. మామూలు వేట రైఫిలు గుండు కొంచెం పైకెత్తి వదిలితే మూడు కిలోమీటర్లు దాటి పోగలదు. గురి తప్పితే సరే సరి, తప్పకపోయినా జానెడు ఛాతీలోంచి బయటికి వచ్చిన గుండు ఎక్కడో ఒకచోట ఆగాలి కదా.

"మంచె మీంచి కాలిస్తే గుండు కిందికి దిగుతాది కదా చిన్నాయనా" అన్నాడు. తెలివైన మాటే. ఇంగ్లండులో, జర్మనీలో ఎత్తు మంచెల మీంచి కాల్చేది అందుకే, గుండును నేల పట్టుకోవాలని. నేల మీద కూర్చుని లెక్క వేశాం. మన మంచె మీద కూర్చుంటే కన్ను నాలుగు మీటర్ల ఎత్తు. జింక నూట యాభై మీటర్లలో ఉంటే, గుండు పది మీటర్లు ముందుకు పోయేసరికి జానెడు దిగుతుంది. అంత సన్నటి వాలుతో వచ్చిన గుండు నేలలోకి దిగదు, చెరువు నీళ్ల మీద పెంకు విసిరినట్టు తాకి లేస్తుంది. లేచింది ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. ముప్పై మీటర్లలో అయితే వాలు సరిపోతుంది. జింక ముప్పై మీటర్లకు రాదు. రాత్రి టార్చి లైటు కొట్టి కాలుస్తామంటే వెనక ఏముందో అసలు కనిపించదు, కాపలా పడుకున్న పక్క చేను రైతు కూడా కనిపించడు.

అందుకే నా జవాబు ఇది: ఈ నేల మీద, ఈ జింకకు సరిపోయే గుండు లేదు. పుణెలో చేసినా అమెరికాలో చేసినా లేదు. ప్రాణి మీద జాలితో మాత్రమే ఈ మాట అనడం లేదు, జాలి నాకు ఉంది, దాచుకోను. జాలి లేనివాడు కూడా ఆ గట్టు మీద పడుకుని చూస్తే ఇదే చెప్పాల్సి వస్తుంది.

చట్టం సంగతి క్లుప్తంగా. 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో కృష్ణజింక మొదటి షెడ్యూలులో, అంటే అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉంది, పైగా మన రాష్ట్ర జంతువు. ఆ షెడ్యూలులోని జంతువును మనిషి ప్రాణానికి ముప్పు అయితేనో, కోలుకోలేని గాయమో రోగమో ఉంటేనో మాత్రమే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతితో కాల్చొచ్చు. పంట నష్టం అందుకు కారణం కాదు. అడవి పంది వేరు, 2023 ఏప్రిల్ నుంచి అది రెండో షెడ్యూలు. పంటను పాడుచేస్తే 11వ సెక్షను కింద అనుమతి ఇవ్వొచ్చు. కేరళలో 2022 నుంచి ఆ అధికారం పంచాయతీ అధ్యక్షుల దాకా వచ్చింది. నల్లమల, పాలకొండల అంచు ఊళ్లలో, వెలుగోడు వైపు గానీ కడప నుంచి రాయచోటి పోయే దారిలో గానీ, పంది వల్ల నష్టపోయేవాళ్లు ఆ అనుమతి అడగడం సబబే. అక్కడ వెనక కొండ ఉంటుంది, గుండును పట్టుకుంటుంది. కానీ ఆ అనుమతి కాగితంలో ఎవరు కాల్చాలి అన్నదాంతో పాటు ఏ గుండు, ఎంత దూరం లోపల, గాయపడి పారిపోతే వెతకాల్సిన బాధ్యత ఎవరిది అని కూడా రాయాలి. పొదల్లోకి పోయిన గాయపు పంది కట్టెలకు పోయే మనిషికి ఎదురవుతుంది.

సీసం గురించి కూడా చెప్పాలి. మెత్త ముక్కు గుండు విచ్చుకునేటప్పుడు సీసం ఇసుక రేణువుల్లా కండలోకి చిమ్ముతుంది. పొదలో వదిలేసిన కళేబరాన్ని తిన్న పక్షికి అది విషం. అమెరికాలో కాలిఫోర్నియా కాండోర్ అనే పెద్ద రాబందు ఇలాగే చస్తోందని తేలి, ఆ రాష్ట్రం 2019 జులై నుంచి వేటలో సీసం తూటాలను పూర్తిగా ఆపేసింది. మన రాబందులు పశువుల మందు డైక్లోఫెనాక్ వల్ల పోయాయి. 2006లో పశువులకు దాన్ని నిషేధించేసరికే ఆలస్యమైంది. నా చిన్నప్పుడు ఊరి బయట చచ్చిన ఎద్దు మీద దిగిన రాబందుల గుంపును నేను లెక్కపెట్టలేకపోయాను. ఇప్పుడు మా వైపు ఒక్కటీ కనిపించదు.

రోళ్లపాడు కూడా గుర్తుచేసుకోవాలి. అది ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి పోయింది. 1988లో బట్టమేక పక్షి కోసం అభయారణ్యం చేశారు. కాపలా వచ్చాక జింకలు పెరిగాయి, బట్టమేక తగ్గిపోయింది, చుట్టుపక్కల రైతులకు జింకల బాధ మిగిలింది. ఒక జీవాన్ని కాపాడాలనే నిర్ణయం సర్కారుది, మేత మాత్రం రైతు చేనిది. ఈ బాకీ ఎవరు తీర్చాలి? నా మట్టుకు ఇందులో సందేహం లేదు. రాష్ట్ర జంతువని పేరు పెట్టుకున్న రాష్ట్రమే మేత ఖర్చు పెట్టుకోవాలి. నష్టపరిహారం పంట కోతకు వచ్చాక లెక్క కట్టేది కాకూడదు. మొలక దశలో పోయిన చేనుకు అదను దాటకముందే విత్తనం, గొర్రు కూలి చేతికి రావాలి. అదను పోయాక వచ్చిన డబ్బు అప్పు తీరుస్తుందేమో గానీ చేను పండించదు.

మందలను తరలించడం కూడా అయ్యే పనే. వల వేసి పడితే భయంతోనే కండరాలు దెబ్బతిని చచ్చే జాతి ఇది. అందుకే ఆఫ్రికాలో బోమా అనే పద్ధతి కనిపెట్టారు. మొదట వెడల్పుగా, పోనుపోను ఇరుకయ్యే దారి కట్టి, రెండు పక్కలా మనుషులు కనపడకుండా మరుగు కట్టి, మందను నిదానంగా బండిలోకి నడిపిస్తారు. మధ్యప్రదేశ్‌లో దుప్పులనూ కృష్ణజింకలనూ ఇలా తరలించారు. మన దగ్గర ఎందుకు చెయ్యరని అడగడం తుపాకి అడగడం కన్నా బలమైన అర్జీ.

ఆ మధ్యాహ్నం మా అన్న ఇంటి అరుగు మీద అర్జీ తిరగరాశాం. తుపాకి పేరా తీసేశాం. అదను లోపల విత్తనం ఖర్చు, బోమా, గాయపడిన జింక కబురు అందిన రోజే వచ్చే పశువుల డాక్టరు, రాత్రి కాపలాకు కూలి అని రాశాం. ముప్పై నలుగురు సంతకాలు పెట్టారు. ఇద్దరు పెట్టలేదు. వాళ్లలో ఒక ముసలాయన, మా అబ్బతో వేటకు తిరిగినవాడు, చేతికర్ర ఆనించుకుని, "గుండు చప్పుడు లేకుంటే వాటికి బయమెట్ల పుడతాదప్పా? ఈ ఏటికి ఏం జెయ్యాల?" అన్నాడు.

ఈ ఏటికి ఆయనకు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది. సోమవారం కర్నూలులో అర్జీ ఇచ్చి రసీదు తెచ్చుకున్నాం, జవాబు రాలేదు. మళ్లీ శనగ వేసే రోజులు దగ్గర పడుతున్నాయి. మొలక గట్టిపడేదాకా పదిహేను రాత్రులు మంచె మీద పడుకోవడానికి వస్తానని ఆయనకూ మావాడికీ చెప్పాను. వడిసెల తిప్పడం మా అబ్బ నేర్పిందే, ఇంకా మరిచిపోలేదు.